వినికిడి, రూపకం, ఇంగ్లిష్ చదువు: ఉత్తర తెలంగాణ అనుభవం

 ఇది మా గురువుగారి స్మృతిలో, కరీంనగర్‌లో ఉపాధ్యాయుల, విద్యార్థుల ముందు చేస్తున్న ప్రసంగం.

గురువుగారు ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిష్ బోధించారు. కొత్త పాఠం మొదలుపెట్టిన రోజున పిల్లల చేత పుస్తకాలు మూయించి, తొలి పేరాను తామే నిదానంగా, కథ చెప్పినట్టు వినిపించేవారు. ఏం అర్థమైందో తెలుగులో చెప్పమనేవారు. పుస్తకం తెరవడం ఆ తరువాతి మాట. ఆ రోజుల్లో మేము దాన్ని ఆయన అలవాటుగా మాత్రమే చూశాం. భాషాబోధన చరిత్ర చదివిన కొద్దీ ఆ అలవాటు వెనక ఎంత ఆలోచన ఉన్నదో తెలిసివచ్చింది. ఈ సాయంత్రం మీ ముందుంచదలచిన ప్రతిపాదన కూడా అక్కడి నుంచి పుట్టిందే. ఇంగ్లిష్‌ను మనం కంటితో నేర్చుకున్నాం. అందువల్ల మాటలకు అర్థాలు వచ్చాయి గాని, ఆ మాటలు ఒక అర్థం నుంచి మరో అర్థంలోకి జరిగే తీరు మనకు పట్టుబడలేదు. ఆ జరుగుబాటునే నేను రూపకం అంటున్నాను. అది ముందుగా అలవడవలసింది చెవికి. చెవితో అర్థం పట్టుకోవడం ఈ నేల పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. బడి మాత్రం దాన్ని గడప బయటే వదిలి రమ్మన్నది.

ఈ నేలకు బహుభాషలు కొత్త కావు. ఇక్కడికి దగ్గరలోనే, గంగాధర మండలం కురిక్యాల బొమ్మలగుట్ట మీద, పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. ఒకే బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు పక్కపక్కన ఉన్నాయి. తెలుగులో కంద పద్యాలున్నాయి. వేములవాడ చాళుక్యుల కాలంలో ఒక మనిషి మూడు భాషల్లో పలకడం సహజమనడానికి ఆ బండే సాక్ష్యం. నిజాం పాలన నాటికి పరిస్థితి మారింది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, ఆ పైన ఒక పాఠ్యాంశంగా ఇంగ్లిష్. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచినా ఇంగ్లిష్‌ను తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. హనుమాజీపేటలో పుట్టిన కవి సి. నారాయణరెడ్డి గారు ఆ రోజుల్లో ఉర్దూ మాధ్యమంలోనే చదువుకున్నారు. అలాంటి తరానికి ఇంగ్లిష్ అంటే అచ్చులో కనిపించే భాష. దాన్ని మాట్లాడే మనిషి ఊళ్లో లేడు.

ఆదిలాబాద్ అడవుల్లో ఈ భాషల మెట్లు ఇంకా ఎక్కువ. గోండు, కొలాం బాలబాలికలకు తెలుగే పరాయి భాష. 1940లలో మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీని దేవనాగరి లిపిలో రాసి వాచకాలు తయారుచేశారు. తల్లిభాషలో మొదలై మరో భాషలోకి నడిచే చదువు అది. మన విద్యాచరిత్రలో అంత ముందుచూపున్న ప్రయత్నాలు అరుదు. ఆ ప్రయత్నాన్ని కొనసాగించి ఉంటే ఈరోజు నేను చెప్పబోయే మాటల్లో సగం అవసరమయ్యేవి కావు.

కంటి చదువు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1920లలో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే విద్యావేత్త, బెంగాల్ విద్యార్థికి ఇంగ్లిష్‌తో ఉండే నిజమైన అవసరం చదవడమేనని వాదించారు. చాలామంది చదువు మధ్యలోనే మానేస్తారు కాబట్టి వారికి కనీసం చదివే శక్తి మిగలాలన్నది ఆయన ఆలోచన. ఆనాటి పరిస్థితికి అది న్యాయమైన వాదనే. ఆయనే 1953లో సుమారు 2,000 మాటల పట్టికను ప్రచురించారు. పాఠ్యపుస్తకాలు రాసేవారికి అది దిక్సూచి అయింది. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. ఇప్పటి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం అదే. ఆ కాలంలో వాక్య నిర్మాణాలను సులువు నుంచి కష్టానికి వరుసపెట్టి, ఒక్కొక్కదాన్ని పదేపదే చెప్పించే పద్ధతి దేశమంతటా వ్యాపించింది. ఆ పద్ధతి ఉపాధ్యాయుడికి ఒక క్రమాన్ని ఇచ్చింది. మాటకు ఒకే అర్థం, వస్తువుకు ఒకే పేరు అన్న నమ్మకాన్ని కూడా అదే నాటింది. పట్టికలోని ఆ రెండు వేల మాటల్లోనే ఇంగ్లిష్ రూపకాల్లో అధిక భాగం దాగి ఉందన్న సంగతి మరుగున పడింది. చెయ్యి, తల, పడటం, ఎక్కడం, పట్టుకోవడం, విరగడం వంటి అతి మామూలు మాటలతోనే ఆ భాష కోపాన్నీ, కాలాన్నీ, ధరలనూ, వాదనలనూ చెబుతుంది.

1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ కలిసి రాసిన పుస్తకం ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టింది. రూపకం కవిత్వానికి నగ కాదని, మనిషి రోజువారీ ఆలోచన నడిచే దారే అదని వారు చూపించారు. మనకు ఇది పూర్తిగా కొత్త కాదు. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు లక్షణకు, అంటే మాట తన మామూలు అర్థం దాటి మరో అర్థం ఇవ్వడానికి, మూడు షరతులు చెప్పాడు. మాట మామూలు అర్థం ఆ సందర్భంలో పొసగకపోవాలి. కొత్త అర్థానికీ పాత అర్థానికీ ఏదో సంబంధం ఉండాలి. అలా అనడం వెనక లోకరూఢి గాని, ఒక ప్రయోజనం గాని ఉండాలి. గంగ మీద పల్లె ఉన్నదంటే ఒడ్డున ఉన్నదని, ఆ చల్లదనమూ పవిత్రతా ఆ పల్లెకు ఉన్నాయని గ్రహించడమే లక్షణకు సంప్రదాయం ఇచ్చిన ఉదాహరణ. గోదావరి ఒడ్డున ధర్మపురిలో నిలబడి ఆలోచిస్తే ఈ ఉదాహరణకు వ్యాఖ్యానం అక్కర్లేదు. అర్థం పొసగడం లేదని గుర్తించడం, సంబంధం వెతకడం, ఎందుకు అలా అన్నాడో అడగడం అనే ఈ మూడు అడుగులనూ ఇంగ్లిష్ తరగతిలో ఉన్నవున్నట్టు వాడుకోవచ్చని నా దృఢ విశ్వాసం. రూఢి అయిన రూపకానికీ ప్రయోజనం కోసం అప్పటికప్పుడు పుట్టించిన రూపకానికీ ఆయన చూపిన తేడా, జాతీయాలను వల్లెవేయించడంతో తృప్తిపడే మన పాఠ్యపుస్తకాలకు ఇప్పటికీ అందలేదు.

ఇక వినికిడి. చదివేవాడు ఆగగలడు, వెనక్కి పోగలడు, నిఘంటువు తీయగలడు. వినేవాడికి ఆ వీలు లేదు. పొసగని మాట ఒకటి ఎదురైతే దాని దగ్గర ఆగిపోతాడు. ఈలోగా తరువాతి రెండు వాక్యాలు జారిపోతాయి. పైగా తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లిష్ మాటల్లో ఒక చోట బరువు పడుతుంది, మిగతా అక్షరాలు సన్నబడతాయి, చిన్న మాటలు పెద్ద మాటల నీడలో కలిసిపోతాయి. స్పెల్లింగ్ ద్వారా ఆ భాషను నేర్చిన పిల్లవాడు ప్రతి అక్షరం వినబడుతుందని ఎదురుచూస్తాడు. వినబడదు. రూపకాలు తరచుగా ఆ చిన్న మాటల జతల్లోనే ఉంటాయి. ‘గివ్ అప్’, ‘రన్ అవుట్ ఆఫ్’, ‘ఫాల్ త్రూ’ వంటివి విడివిడిగా తెలిసిన మాటలే అయినా, కలిసి పలికినప్పుడు ఒక తెలియని ధ్వనిగా చెవిన పడతాయి. కనుక వినికిడినీ రూపకాన్నీ రెండు వేర్వేరు పాఠాలుగా చెప్పడం కుదరదు. ఒకటి తప్పినచోట రెండోదీ తప్పుతుంది.

ఈ చిక్కు పై చదువుల్లో ఎలా ఎదురవుతుందో చూద్దాం. 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి పూర్తయిన గ్రామీణ విద్యార్థులను నేరుగా ఆరేళ్ల చదువులో చేర్చుకునే ఆ సంస్థ ఈ ప్రాంతానికి పెద్ద వరం. ప్రభుత్వ పాఠశాల నుంచి వచ్చిన బిడ్డ అక్కడ గణితమూ కంప్యూటర్ శాస్త్రమూ ఇంగ్లిష్‌లో వింటుంది. కంప్యూటర్ శాస్త్రాన్ని గమనించండి. అందులో చెట్టు ఉంది, వేరు ఉంది, ఆకు ఉంది. ఆ చెట్టు వేరు పైన, ఆకులు కింద. తల్లి ఉంది, బిడ్డ ఉంది. దొంతి ఉంది, వరుస ఉంది, దారం ఉంది, రెండు యంత్రాలు చేతులు కలుపుకోవడం ఉంది. ఈ శాస్త్రం పరిభాషలో పెద్ద భాగం రూపకమే. దొంతి అన్నప్పుడు ఇంట్లో ఒకదానిపై ఒకటి పేర్చిన కుండలు మనసులో మెదిలిన విద్యార్థికి, చివర పెట్టినదే ముందు తీయాలన్న నియమం వేరుగా చెప్పనక్కరలేదు. ‘స్టాక్’ అన్న ధ్వని మాత్రమే విని నిర్వచనం బట్టీపట్టిన విద్యార్థికి అదే నియమం పరీక్ష దాకా మోయవలసిన బరువు. ఇద్దరి తెలివి ఒకటే. ఒకరికి రూపకం తెరుచుకుంది, మరొకరికి తెరుచుకోలేదు.

ఉపన్యాసాల్లో మరో చిక్కు ఉంది. ఇంగ్లిష్ ఉపన్యాసకుడు తన ప్రసంగాన్ని ప్రయాణంగా చెబుతాడు. ముందుకు సాగుదాం, వెనక్కి వెళ్దాం, ఇక్కడ కాసేపు ఆగుదాం అంటాడు. విషయాల మధ్య కట్టిన వంతెనలు అవే. వాటిని పట్టుకోలేని విద్యార్థికి పాఠమంతా విడివిడి వాక్యాల గుట్టగా మిగులుతుంది. అభిప్రాయాన్ని కూడా వక్తలు రూపకంలోనే పెడతారు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జెనెట్ లిటిల్‌మోర్ ఈ విషయం మీద పరిశోధన చేశారు. స్వల్పకాలిక కోర్సుకు వచ్చిన బంగ్లాదేశ్ ప్రభుత్వాధికారులు ఉపన్యాసాల్లోని రూపకాలను ఎలా గ్రహించారో ఆమె పరిశీలించారు. వారు బాగా చదువుకున్నవారు, ఇంగ్లిష్ వచ్చినవారు. వక్త దేని గురించి మాట్లాడుతున్నాడో వారికి తెలిసింది. దాన్ని మెచ్చుకుంటున్నాడా, తప్పుపడుతున్నాడా అన్న చోట తడబడ్డారు. ఎందుకంటే ఆ రూపకాన్ని వారు తమ సమాజపు విలువలతో తూచారు.

ఇది మనకూ వర్తిస్తుంది. రామగుండం ఎండల్లో పెరిగిన బిడ్డకు చల్లదనం దీవెన. కడుపు చల్లగుండ అంటాం, నీ నీడ చల్లగుండ అంటాం. ఇంగ్లిష్‌లో ఒకరు చల్లని స్వాగతం పలికారంటే వారు ముఖం చాటేశారని అర్థం. వెచ్చని స్వాగతమంటేనే ఆదరణ. చలిదేశంలో పుట్టిన భాష అది. మన పిల్లవాడు ఆ మాట విని సంతోషిస్తే అతని తెలివిని తప్పుపట్టలేం. తన భాష నేర్పిన న్యాయం ప్రకారమే అర్థం చేసుకున్నాడు. డిసెంబరు చలికి వణికే తిర్యాణి, సిర్పూరు వైపు గూడేల్లో నెగడు చుట్టూ కూర్చునే గోండు బిడ్డకు మాత్రం ఆ వెచ్చదనం వెంటనే తగలవచ్చు. రెండు భాషల రూపకాలు ఒకేచోట కలిసే సందర్భాలు కూడా ఎన్నో. ధరలు ఎక్కాయని వారూ అంటారు. మనమైతే కొండెక్కాయంటాం. అక్కడ కొత్తగా నేర్పవలసింది దాదాపు లేదు, గుర్తుచేస్తే చాలు. విభేదించే చోట్లనే ఉపాధ్యాయుడు సమయం వెచ్చించాలి. ఏవి కలుస్తాయో ఏవి విడిపోతాయో తెలియాలంటే తరగతిలో తెలుగు వినబడాలి. తెలుగును బయటికి పంపి ఇంగ్లిష్ నేర్పాలనే పట్టుదల ఈ పనిని అసాధ్యం చేస్తుంది. 2022–23 విద్యాసంవత్సరంలో రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం ప్రవేశపెట్టిన తరువాత ఈ మాటను మరింత గట్టిగా చెప్పవలసి వస్తున్నది. తల్లిదండ్రుల కోరిక న్యాయమైనది. ఆ కోరిక తీరాలంటే పిల్లల తొలి భాషకు తరగతిలో చోటుండాలి.

ఇప్పుడు ఈ నేల చెవి గురించి చెబుతాను. ఒగ్గు కథ మీ అందరికీ తెలుసు. మల్లన్న కథ, బీరప్ప కథ డోలు దెబ్బల మధ్య తెల్లవార్లూ సాగుతాయి. ప్రధాన కథకుడు ఒక మాట అంటే పక్కవాడు దాన్ని అందుకుంటాడు, తిరిగి అడుగుతాడు, మరో మాటలో చెబుతాడు. కఠినమైన పోలిక వచ్చినచోట ఆ రెండో గొంతు దాన్ని విప్పుతుంది. డోలు కాసేపు ఆ అర్థాన్ని నిలబెడుతుంది. అక్షరం రాని శ్రోత ఎంత దట్టమైన రూపకాన్నయినా అందుకోగలగడానికి కారణం ఈ ఏర్పాటే. ఇంట్లో అవ్వ చెప్పే కథలోనూ వినేవాడి పని ఒకటుంది. ఊకొట్టాలి. ఊ ఆగితే అవ్వ ఆగుతుంది. అర్థం కాలేదేమోనని మరో విధంగా చెబుతుంది. వినడం పాలుపంచుకునే పని అని మన సంప్రదాయానికి తెలుసు. నారాయణరెడ్డి గారు బాల్యంలో హరికథలు, జంగం కథలు, జానపదాలు వింటూ పెరిగారు. ప్రసిద్ధ ఒగ్గు కథకుడు మిద్దె రాములు గారిదీ ఆ హనుమాజీపేటే. ఒక్క ఊరు జ్ఞానపీఠ కవినీ ఒగ్గు కథకుడినీ ఇచ్చిందంటే, ఆ ఊరి చెవి ఎంత పదునైనదో మనం ఆలోచించాలి.

వినికిడి ప్రాణాలు కాపాడే విద్యగా ఉన్నచోటు కూడా మన దగ్గరే ఉంది. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని బొగ్గుబాయిల్లో తరతరాలుగా స్తంభాలు వదులుతూ బొగ్గు తవ్వారు. ఆ పద్ధతిలో ఇంగ్లిష్ పరిభాష ఇంటిని పోలి ఉంటుంది. పైన ఉన్నది రూఫ్, కింద ఉన్నది ఫ్లోర్, వదిలిన బొగ్గు పిల్లర్, నడిచే దారి గ్యాలరీ. బడి ముఖం చూడని కార్మికులు ఈ మాటలను అర్థంతో, రూపకంతో సహా చెవితోనే నేర్చుకున్నారు. గనిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పును తట్టి వింటాడు. గట్టిగా పలికితే భయం లేదు. డొల్లగా పలికితే కింద మనిషి నిలబడకూడదు. గని ఇంగ్లిష్‌లో ఆ డొల్ల శబ్దాన్ని డోలు పేరుతోనే, ‘డ్రమ్మీ’ అని పిలుస్తారు. ఆ మాటను ఏ నిఘంటువులోనో చదివి అర్థం చేసుకోవడం వేరు, పైకప్పు పలుకు విని అర్థం చేసుకోవడం వేరు. ఇంత సూక్ష్మంగా వినగల తండ్రుల బిడ్డలు ఇంగ్లిష్ తరగతిలో వినలేరని మనం ఎలా అనుకున్నాం? సిరిసిల్ల, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మన కార్మికులు కూడా పని జరిగే చోట హిందీ, అరబిక్‌లతో కలిసి వచ్చే ఇంగ్లిష్‌ను వింటూనే నేర్చుకున్నారు. ఆ నేర్పుకు మనం ఇంతవరకు ఏ విలువా కట్టలేదు.

బడిలో ఏం జరుగుతున్నదో ఉపాధ్యాయులైన మీకు తెలుసు. పదో తరగతి బోర్డు పరీక్షలో ఇంగ్లిష్ అంతా రాత మీదనే ఉంది. పరీక్షలో లేనిది తరగతిలో ఎంతోకాలం నిలవదు. ఇంటర్మీడియట్ బోర్డు 2023–24లో మొదటి సంవత్సరం ఇంగ్లిష్‌కు 20 మార్కుల ప్రయోగ పరీక్ష పెట్టింది. దాన్ని నేను స్వాగతిస్తున్నాను. అయితే పదహారేళ్లకు మొదలయ్యే వినికిడి ఆలస్యమే. పైగా ప్రయోగశాల అంటే చెవులకు యంత్రం తగిలించి, రికార్డు వినిపించి, ప్రశ్నలకు టిక్కు పెట్టించడమే అయితే అక్కడ ఊకొట్టడానికి చోటు లేదు. విన్నది అర్థం కాలేదని చెప్పే హక్కు, మళ్లీ మరో విధంగా చెప్పించుకునే హక్కు పిల్లలకు ఉండాలి. ప్రాథమిక తరగతుల్లో తొలి నెలలు ఇంగ్లిష్‌ను కథగా వినిపించాలి. ఇద్దరు ఉపాధ్యాయులున్న బడిలో ఒకరు చెబితే మరొకరు ఒగ్గు కథలోని రెండో గొంతులా అందుకోవాలి. పొసగని మాట వచ్చినచోట ఆగి, మన భాషలో దీన్ని ఎలా అంటామని అడగాలి. ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం, విద్యా ప్రసారాల టీ-శాట్ ఛానెళ్లు ఈ పనికి అందుబాటులో ఉన్న సాధనాలు.

చివరిగా గోండు పిల్లల విషయం. వారికి ఇంగ్లిష్ రూపకం తెలుగు గుండా వెళ్తున్నది. తెలుగులోనే తడబడే వయసులో రెండుసార్లు వడకట్టిన అర్థం చేతికి వస్తున్నది. కానీ వారి దగ్గర ఉన్నంత వినికిడి సంపద మనలో ఎవరికీ లేదు. ప్రధాన్ గాయకులు కిక్రి వాద్యం వాయిస్తూ గోండుల వంశపురాణాలను తరతరాలుగా వినిపిస్తూ వచ్చారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశస్థుల చరిత్ర నేటికీ ఆ గొంతుల్లోనే ఉంది. ఆ పురాణాలను హైమెండార్ఫ్ ఇంగ్లిష్‌లోకి తెచ్చి 1948లో ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథంలో ప్రచురించారు. అంటే ఒకే కథ గోండీలో గొంతు మీద ఉంది, ఇంగ్లిష్‌లో అచ్చు మీద ఉంది. గోండీలో విని, మనసుకు పట్టిన కథను ఇంగ్లిష్‌లో మళ్లీ వింటే, ఏ పోలిక ఎక్కడ దాటిందో, ఏది దాటలేకపోయిందో ఆ పిల్లలే మనకు చెబుతారు. ఆ గ్రంథం భాష పండితుల కోసం రాసినది. దాన్ని ఐదు, ఆరు తరగతుల పిల్లలకు నోటితో చెప్పదగిన ఇంగ్లిష్‌లోకి మార్చాలి. ఈ సభలోని ఇంగ్లిష్ ఉపాధ్యాయులూ, ఉట్నూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆశ్రమ పాఠశాలల్లో పనిచేస్తున్న గోండు ఉపాధ్యాయులూ కలిసి కూర్చుని, మొదట ఒక్క కథతోనైనా, ఆ పనిని వచ్చే జూన్‌లోగా చేపట్టాలని నా విన్నపం.